దీపాలవేళ దిగులుపెట్టె

సింహాద్రి ఇంటికి దిగులుపెట్టె బిగించిన రోజున, దానికి బొట్టు పెట్టాలా వద్దా అన్న దగ్గర మొదటి పేచీ వచ్చింది.

పెట్టె అంటే మరీ పెద్దదేం కాదు, కొబ్బరికాయంత ఉంటుంది. తెల్లటి డొప్ప, ముందువైపు జల్లెడలాంటి నోరు, పక్కన గాజు కింద ఒక ఎర్ర ముల్లు, ముల్లు వెనక ఒక నల్ల గీత. ప్రభుత్వం దానికి 'గృహశ్వాస సూచిక' అని పేరు పెట్టింది. అంత పేరు పలికే ఓపిక ఎవరికుంది? మొదటి వారంలోనే జనం దిగులుపెట్టె అనేశారు. పరిశోధనశాల నుంచి వచ్చిన ఐజాక్ నిచ్చెన ఎక్కి, గుమ్మం పైన లోపలివైపు దాన్ని బిగించి దిగేసరికి, సింహాద్రి తల్లి అప్పలనరసమ్మ పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది.

"అమ్మా, దానికవి పెట్టకూడదండి. పొడి లోపలికెళ్తే పాడైపోతుంది" అన్నాడు ఐజాక్.

"గుమ్మానికి పెడతాం గదా నాయినా. గుమ్మం మీదెక్కి కూకున్నదానికి పెట్టకపోతే కోపం రాదేటి?"

"దానికి కోపం ఉండదమ్మా. మిషను."

"మనుషుల దిగులు కనిపెట్టేదానికి కోపం ఒక్కటే ఉండదేటి? ఈ మాట ఎవులు నమ్ముతారు?"

ఐజాక్ నిచ్చెన మళ్లీ గోడకు ఆనించాడు. చివరికి జల్లెడ నోటికి దూరంగా, పెట్టె నెత్తిమీద ఒకే ఒక్క బొట్టుకి రాజీ కుదిరింది.

సింహాద్రి గాజువాక దాటాక ఉన్న ఒక సీసాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది. కొండవాలు కాలనీలో బ్యాంకు అప్పుతో కొనుక్కున్న రెండు గదుల ఇల్లు మాత్రం మూతపడలేదు, దాని వాయిదాలూ మూతపడలేదు. అలాంటివాళ్ల కోసమే ప్రభుత్వం 'నీడ' పథకం పెట్టింది. ఆదాయం పోయిన ఇంటికి, మళ్లీ పని దొరికేదాకా నెలనెలా వాయిదా ప్రభుత్వమే బ్యాంకుకు కడుతుంది. ఆ ఇంటివాళ్లకు నిజంగా అవసరం ఉందో లేదో ఈ పెట్టె చెబుతుంది.

"కాయితాలేం ఇవ్వాలండి?" అని అడిగింది సింహాద్రి భార్య గౌరీశ్వరి.

"ఏమీ వద్దండి. మీరు మామూలుగా ఊపిరి పీల్చి వదిలితే చాలు."

"ఎవరి చేతిలోనైనా ఏమైనా పెట్టాలేటండి?"

"అస్సలు వద్దండి."

గౌరీశ్వరి తలూపింది కానీ నమ్మలేదు. ఆమె ముఖం చూసి ఐజాక్ సింహాద్రిని పెట్టె కింద నిలబెట్టాడు. "అన్నయ్యా, బ్యాంకువాళ్లు వచ్చి ఈ ఇల్లు వేలం వేస్తామన్నారనుకోండి" అన్నాడు. సింహాద్రి అనుకున్నాడు. ఎర్ర ముల్లు వణికి, మెల్లగా లేచి నల్ల గీత దాటింది. "సరే, ఇప్పుడు మీకిష్టమైన కూర తలుచుకోండి."

"చింతచిగురూ మెత్తళ్లూ" అన్నాడు సింహాద్రి ఆలోచించకుండా. ముల్లు బుద్ధిగా కిందికి జారింది.

ఎనిమిదో తరగతి చదివే కూతురు లోహిత చప్పట్లు కొట్టింది. దిగులుపడే మనిషి ఊపిరిలో కొన్ని ఆవిర్లు వేరుగా ఉంటాయట, పెట్టెలోని పల్చటి పొర వాటిని పసిగడుతుందట. నటిస్తే అవి పుట్టవు, దాచిపెడితే దాగవు. రోజూ సాయంత్రం దీపాలవేళకు, ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండే సమయంలో, పెట్టె గాలి పీల్చి లెక్క చూసి విశాఖలోని పరిశోధనశాలకు పంపుతుంది. నెలాఖరుకు ఆ లెక్కలన్నీ కలిపి చూసినప్పుడు ముల్లు గీత పైన ఉంటే వాయిదా కడతారు. కింద ఉంటే ఆ ఇంటికి ఆదాయం వచ్చేసిందని అర్థం.

అందరికీ బాగానే ఉంది. నిజానికి ఆ పెట్టె చాలా మంచి మనసుతో పుట్టిన పెట్టె.

*

దాన్ని పుట్టించిన మనిషి పేరు డాక్టర్ వకుళ. ఆమె తండ్రి ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టేవాడు. ఆమె చిన్నతనంలోనే ఆ ప్రెస్సు మూతపడింది. అప్పట్లో కూడా ఏదో సాయం ఉండేది. ఆదాయం లేదని రుజువు తెమ్మన్నారు ఆఫీసులో. ఉన్నదానికి రుజువు తేవచ్చు, లేనిదానికి ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఈ కిటికీకీ ఆ కిటికీకీ తిరిగి తిరిగి, చేతులు కట్టుకుని నిలబడి నిలబడి, ఆయన నడుం వంగిపోయింది. రుజువు దొరికేలోపు ఇల్లు వేలానికి పోయింది. తన తండ్రిలాగా ఇంకెవరూ ఒకరి ముందు చేతులు కట్టుకోకూడదని వకుళ పట్టుబట్టి, పదవిలో ఉన్నవాళ్లందరి చుట్టూ తిరిగి, ఈ పెట్టె తయారుచేసింది. మధ్యలో మనిషనేవాడు వేలు పెట్టకుండా, ఆఖరికి తను కూడా లెక్క మార్చలేకుండా దానికి తాళం వేసింది. ఆ తాళం చూసుకుని ఆమెకు చాలా గర్వం.

ఆమె గదిలో గోడంత తెర ఉంది. పెట్టె ఉన్న ప్రతి ఇంటికీ తెరమీద ఒక గీత. ఎక్కువ ఇళ్ల గీతలు పనిపోగానే లేచి, పని దొరగ్గానే దిగేవి. ఒక్క ఇంటి గీత మాత్రం రంపం పళ్లలాగా ఉంది. లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది.

"ఇదెవరి ఇల్లు?" అంది వకుళ.

"కొండవాలు కాలనీ, సింహాద్రి అని. నేనే బిగించాను మేడమ్" అన్నాడు ఐజాక్. "నెత్తిమీద బొట్టున్న పెట్టె."

"బొట్టేమిటి?"

ఐజాక్ చెప్పాడు. వకుళ నవ్వలేదు. పెట్టె పాడై ఉంటుందని వేరేది మార్పించింది. అప్పలనరసమ్మ కొత్తదానికీ బొట్టు పెట్టింది. గీత మళ్లీ రంపంలాగే వచ్చింది.

*

ఆ ఇంట్లో ఏం జరిగిందంటే, వాళ్లు సుఖంగా ఉన్నారు. అంతకన్నా ఏం లేదు.

సింహాద్రికి పెళ్లయిన నాటినుంచీ షిఫ్టు డ్యూటీలే. కొలిమి చల్లారకూడదు కాబట్టి మనుషులు వంతులవారీగా కాలుతూ ఉండాలి. కూతురు బడికెళ్లేటప్పుడు అతను నిద్రపోతూ ఉండేవాడు, కూతురు నిద్రపోయేటప్పుడు అతను పనికి వెళ్లేవాడు. ఇప్పుడు పని లేదు. పగలు హార్బరు దగ్గర దొరికిన కూలిపని చేసి ఉప్పూ పప్పూ తెస్తాడు. సాయంత్రమయ్యేసరికి ఇంట్లో ఉంటాడు.

ఇక అప్పలనరసమ్మకో నియమం ఉంది. దీపాలవేళ ఇంట్లో ఎవరూ ఏడవకూడదు, కసరకూడదు, లేదనే మాట ఎత్తకూడదు. లక్ష్మి వచ్చే వేళకి ఇల్లు ఏడుపుముఖం పెట్టుకుని కనబడకూడదని ఆమె పట్టుదల. ఆమె దీపం పెట్టి, గుమ్మానికి అటూ ఇటూ నీళ్లు చిలకరించి, అందరికీ చోడి అంబలి, అదే రాగి అంబలి, పోసి ఇచ్చేది. పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ నలుగురూ గుమ్మంలో కూర్చునేవాళ్లు. సింహాద్రి కొలిమి కబుర్లు చెప్పేవాడు. ఎర్రగా కరిగిన గాజు తేనెలాగా ఎలా జారుతుందో, పనికిరాని గాజుతో తాను ఒకసారి చేప బొమ్మ ఊది, సూపర్‌వైజర్‌కు దొరికిపోయి ఎలా తిట్లు తిన్నాడో చెబుతుంటే, లోహిత నోరు తెరుచుకుని వినేది.

"నాన్నా, నీకు ఉద్యోగం రాకపోతే బాగుణ్ణు" అంది ఒకరోజు.

"నోర్ముయ్ గుంటా, దీపాలేల అదేటి మాట!" అని నాన్నమ్మ కసిరింది. కసరకూడదన్న నియమం తనకు వర్తించదు.

సరిగ్గా ఆ సమయంలోనే, వాళ్ల నెత్తిమీద పెట్టె ఊపిరి పీల్చుకుంటోంది.

నెలాఖరున సింహాద్రి ఫోనుకు కబురొచ్చింది. 'మీ కుటుంబానికి ఆదాయం తిరిగి లభించినందుకు అభినందనలు. ఈ నెల నుంచి సాయం నిలిపివేయబడినది.'

"ఏ ఆదాయం?" అంది గౌరీశ్వరి తెల్లబోయి.

ఆ మరుసటి రోజే బ్యాంకు నుంచి ఫోను. ఇక చూడండి, ఇంట్లో ఎవరికీ అంబలి గొంతు దిగలేదు. అప్పలనరసమ్మ నియమం కూడా పనిచెయ్యలేదు. ముల్లు పైకి లేచి అక్కడే కూర్చుంది. నెల తిరిగేసరికి సాయం మళ్లీ మొదలైంది. హమ్మయ్య అనుకున్నారు. హమ్మయ్య అనుకోగానే ముల్లు పడింది. మళ్లీ అభినందనలు వచ్చాయి. సాయం ఆగితే భయం, భయపడితే సాయం, సాయం వస్తే నిశ్చింత, నిశ్చింతగా ఉంటే సాయం బంద్. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

"మనకి దిగులుపడ్డం రావట్లేదు" అని తేల్చేసింది గౌరీశ్వరి. "నేర్చుకోవాలి."

నేర్చుకోవడం మొదలుపెట్టారు. గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. కళ్లలో నీళ్లు వచ్చాయి కానీ ముల్లు కదల్లేదు. టీవీలో అత్తలు కోడళ్లను రాచిరంపాన పెట్టే సీరియల్ వేశారు. అప్పలనరసమ్మ ఆ టీవీ అత్తను తిడుతూ ఎంత ఉత్సాహపడిందంటే ముల్లు ఇంకాస్త కిందికి జారింది. పోనీ పాత కష్టాలు తలుచుకుందామని కూర్చుంటే, హుద్‌హుద్ తుపానుకు ఎగిరిపోయిన పాత ఇంటి రేకు ఎదురింటాయన మామిడిచెట్టులో దొరికిన సంగతి గుర్తొచ్చి అందరూ విరగబడి నవ్వారు.

పక్కింటి పరదేశి కూడా అదే ఫ్యాక్టరీ మనిషి. వాళ్ల ఇంటి ముల్లు ఎప్పుడూ దిగలేదు. కిటుకేమిటని సింహాద్రి వెళ్లి అడిగాడు.

"ఏటీ లేదురా బావా. దీపాలేలకి మాయావిడా నానూ ఓ తగువేసుకుంటాం" అన్నాడు పరదేశి గొంతు తగ్గించి. "మొదట్లో ఉత్తుత్తి తగువులే వేసుకున్నాం, ముల్లు నవ్వింది. మరి నిజంగానే వేసుకోవాలి. మనసులో ఉన్నవన్నీ తీసి అనీసుకోవాలి."

సింహాద్రి, గౌరీశ్వరి ఆ సాయంత్రం ఎదురెదురుగా కూర్చున్నారు. "మీ పుట్టింటివోళ్లు పెళ్లిలో నాకు పెట్టిన వాచీ ఆగిపోయినదే" అని మొదలుపెట్టాడు సింహాద్రి.

"పెళ్లిలో మీరు జడిసిపోయి తాళి ముడి కాస్తా మీ అక్క చేత వేయించీసేరు. నేనెప్పుడైనా అన్నానేటి?" అంది గౌరీశ్వరి. అనేసి, నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తగువు అక్కడితో చచ్చిపోయింది.

పరదేశి ఇంట్లో తగువులు మాత్రం చావలేదు. మనసులో ఉన్నవన్నీ అనేసుకున్నాక, లేనివి కూడా వెతికి తీసి అనుకున్నారు. ఒకరోజు అతని భార్య రాములమ్మ చీరలు మూటగట్టుకుని బొబ్బిలి దగ్గర పుట్టింటికి వెళ్లిపోయింది. పరదేశి పెట్టె కింద ఒంటరిగా కూర్చున్నాడు. ముల్లు చిట్టచివరికంటా లేచి నిలబడింది. వాయిదాలు ఒక్కటీ తప్పకుండా బ్యాంకుకు జమ అవుతున్నాయి. అప్పలనరసమ్మ రోజూ సాయంత్రం ఒక గ్లాసు అంబలి లోహిత చేత అతనికి పంపేది. ఒక్కోరోజు తాగేవాడు, ఒక్కోరోజు గ్లాసు గుమ్మంలోనే ఉండిపోయేది.

"మన ఇల్లు పోయినా పరవాలేదు. మనం మాత్రం అలా తగువులాడొద్దు" అంది గౌరీశ్వరి ఆ రాత్రి. అన్నది గానీ, ఇల్లు పోతే పరవాలేదా? ఆ ఇంటి గోడకు లోహిత పెరిగిన ఎత్తులన్నీ ఏటికేడాదీ బొగ్గుతో గీసి ఉన్నాయి.

*

పథకం కమిషనర్‌గారు తెరమీద రంపపు గీత చూసి ఒక్క మాటలో తేల్చారు. "ఇది మోసం. ఆదాయం ఉంది. అవసరమైనప్పుడు పెట్టెను ఏదో చేస్తున్నారు."

"పెట్టెను ఎవరూ ఏమీ చెయ్యలేరు సార్" అంది వకుళ.

"అయితే వాళ్లకు అవసరమైనా లేదు. ఏదో ఒకటి చెప్పండి డాక్టర్‌గారూ. ఈ నెల కూడా కిందికి పడితే ఆ ఇంటిని పథకంలోంచి శాశ్వతంగా తీసేస్తున్నాం. మీరు రాసిన నియమమే ఇది."

నిజమే, ఆమె రాసిన నియమమే. నెల చివరిరోజు వచ్చింది. లెక్క సరిగ్గా నల్ల గీత మీద వేలాడుతోంది. ఆ ఒక్క సాయంత్రం ఎటు తూగితే ఇల్లు అటు. ఇన్నాళ్లూ వకుళ పెట్టె పెట్టిన ఒక్క ఇంటి గడపా తొక్కలేదు. చూసిందంతా తెరమీదే. ఆ రోజు మాత్రం కారు తీయించి కొండవాలు కాలనీకి బయల్దేరింది.

ఆమె గుమ్మం ముందుకు వచ్చేసరికి పొద్దు వాలింది. అప్పలనరసమ్మ చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"నేను పరిశోధనశాల నుంచి వచ్చానండి. మీ పెట్టె చూడాలి" అంది వకుళ.

"పెట్టెక్కడికీ ఎల్లిపోదులే గానీ, దీపాలేల గుమ్మంలో నిలబడకమ్మా. లోపలికొచ్చి కూకో. ఒలే గౌరీ, పీటెయ్యి."

పీట వేశారు. దీపం వెలిగింది. నీళ్లు చిలకరించారు. ఈ నెల కూడా ముల్లు పడితే పథకంలోంచి తీసేస్తామన్న కబురు ఫోనుకు ముందే వచ్చింది కాబట్టి, ఈ సాయంత్రంతో ఇల్లు నిలుస్తుందో పోతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నెలాఖరని లోహితకు కూడా తెలుసు. పొద్దుట్నించీ ఎవరికి వాళ్లు బుద్ధిగా దిగులుపడుతూనే ఉన్నారు. కానీ గడప తొక్కిన మనిషి ముందు ముఖం వేలాడేసుకుని కూర్చోవడం ఆ ఇంటా వంటా లేదు. గౌరీశ్వరి చీర సర్దుకుని నవ్వుతూ ఎదురొచ్చి, చేతికి అంబలి గ్లాసు అందించింది. సింహాద్రి ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. లోహిత దాచుకున్న బెల్లం గవ్వల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అతిథి వచ్చిందన్న సంబరం ఇల్లంతా నిండిపోయి, వాళ్ల దిగులు నిజంగానే ఎటో పోయింది. ముల్లు గీత కింద పడుకుంది.

వకుళ ముల్లును చూసింది. పెట్టె పాడవలేదు. అది ఉన్నది ఉన్నట్టు చెబుతోంది.

"మీరు రోజూ ఇలాగే కూర్చుంటారా?" అని అడిగింది.

"దీపాలేల ఇంకెలా కూకుంటాం? పొద్దంతా ఉన్నదే గదా ఏడవడానికి. ఈ కాసేపూ ఏడవకూడదు" అంది అప్పలనరసమ్మ.

వకుళ చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆమె తల్లి కూడా ఈ మాటే అనేది. తండ్రి ఆఫీసుల చుట్టూ తిరిగి ఇంటికొస్తే, దీపం పెట్టి, ఆయన కాళ్లు కడుక్కుని మంచినీళ్లు తాగేదాకా అక్కడ ఏమైందని తల్లి ఎవర్నీ అడగనిచ్చేది కాదు. ఇల్లు పోయిన ఆ చెడ్డ సంవత్సరంలో కూడా ఆ కాసేపూ అందరూ నవ్వుకునేవాళ్లు. పెట్టె ఏ వేళకు లెక్క చూడాలి అని పరిశోధనశాలలో చర్చ వచ్చినప్పుడు, దీపాలవేళ అందరూ ఇంట్లో ఉంటారు అని టక్కున చెప్పింది తనే. అందరూ ఎందుకుండేవారో మాత్రం ఆమెకు గుర్తు రాలేదు. మనుషులు రోజంతా మోసిన బరువు దించుకునే ఒక్క గడియనూ ఏరి పట్టుకుని, బరువెంతుందో చెప్పమని అడిగింది.

ఇంకాసేపట్లో పెట్టె లెక్క పంపేస్తుంది. ఈ గోడలు, ఆ గోడమీది బొగ్గు గీతలు, ఈ గవ్వల డబ్బా, ఇవన్నీ బ్యాంకుకు పోతాయి. ఆపే దారి లేదు. తనే తాళం వేసింది. వకుళకు గుండె దడదడలాడింది. తండ్రి ఇంటి సామాను రిక్షాలో పెట్టిన రోజు మళ్లీ కళ్లముందుకొచ్చింది.

"నాన్నా, ముల్లు!" అంది లోహిత.

ముల్లు లేస్తోంది. వణుకుతూ, ఆగుతూ, నల్ల గీత దాటి పైకి పోతోంది.

అప్పలనరసమ్మ తలెత్తి పెట్టెను చూసింది. కొడుకు ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది. వాళ్లు కూడా ఒకరినొకరు చూసుకుంటున్నారు. చివరికి ఆమె చూపు పీట మీద ఆగింది.

"ఓలమ్మ! నీకేటమ్మా ఇంత దిగులు?"

వకుళ కళ్లు నిండిపోయాయి. అప్పలనరసమ్మ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. "దీపాలేల కంటతడి పెట్టకూడదు తల్లీ. ఏది పోయినా మనుషులం ఉన్నాం గదా. ఓ గుక్క తాగు. సల్లగుంటాది."

ఆ చెయ్యి, ఆ చల్లటి అంబలి, ఆ మాట ఎలాంటివో గానీ వకుళకు ఎక్కడో హాయిగా అనిపించింది. ముల్లు అర అంగుళం జారింది.

"నాన్నమ్మా! ఆవిణ్ణి ఓదార్చకు!" అని అరిచింది లోహిత.

"ఏటే గుంటా, ఇంటికొచ్చిన మనిషి ఏడుస్తంటే చూస్తూ కూకోమంటావేటి?"

"కాసేపు ఆగితే సరిపోద్ది నాన్నమ్మా!"

"ఇంకో గవ్వ తీసుకో అమ్మా" అంది అప్పలనరసమ్మ, మనవరాలి మాట లెక్కచేయకుండా. ముల్లు గీత దగ్గరికి దిగింది. సింహాద్రి ఊపిరి బిగబట్టాడు. గౌరీశ్వరి డబ్బా మూత పెట్టబోయి, మర్యాద కాదని మళ్లీ తీసింది. వకుళ ఆ నలుగురి ముఖాలూ చూసింది. తన వల్ల పోబోతున్న ఇంట్లో కూర్చుని, తనకే గవ్వలు పెడుతున్నారు. ఆ ఆలోచనతో ఆమె దుఃఖం మళ్లీ పొంగింది. ముల్లు లేచింది. పెట్టె టిక్కుమంది.

లెక్క వెళ్లిపోయింది.

*

మర్నాడు కమిషనర్‌గారి గదిలో వకుళ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ ఇల్లు గీత పైన తేలింది, తేల్చిన ఊపిరి మాత్రం నాది అంది. ఆయన ఎగిరిపడ్డారు. ఆమె సంచిలోంచి ఒక పెట్టె తీసి ఆయన బల్లమీద పెట్టింది. ముల్లు ఒక్క గెంతు గెంతి పైకెళ్లింది.

"ఎవరిది?" అన్నారాయన అనుమానంగా.

"నేను బయటికెళ్తాను. మీరే చూడండి."

ఆమె బయటికెళ్లింది. ముల్లు మాత్రం దిగలేదు. ఆయనకు సొంతిల్లు, నౌకరీ, కారు అన్నీ ఉన్నాయి. ఈ పెట్టె మాట వింటే ముందుగా ఆయనకే వాయిదాలు కట్టాలి. కమిషనర్‌గారు కాసేపు ఆ ముల్లుకేసి చూస్తూ కూర్చుని, తర్వాత ఆమెను లోపలికి పిలిచారు. ఈసారి మెల్లగా మాట్లాడారు.

"మరి పెట్టె లేకపోతే ఎవర్ని నమ్మాలి?"

"పని పోయిందని మనిషి చెబితే మనిషినే నమ్ముదాం సార్. మళ్లీ దొరికినప్పుడు కూడా వాళ్లే చెబుతారు."

"చెప్పకపోతే?"

"కొందరు చెప్పరు. వాళ్ల కోసం అందర్నీ ఏడిపించడం దేనికి?"

ఆయన చాలా వాదించాక, ముందు కొండవాలుతో సహా గాజువాక వైపు కాలనీల్లో మాత్రం పెట్టెలు తీసి చూద్దామని ఒప్పుకున్నారు. పదేళ్ల కష్టఫలితాన్ని వకుళ తన చేతులతోనే విప్పించింది. ఆమెకు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ ఐజాక్ నిచ్చెన పట్టుకుని బయల్దేరుతుంటే, ఆమె మెట్లదాకా వచ్చి సాగనంపింది.

పరదేశి తన పెట్టె తీయించుకున్న మర్నాడే బొబ్బిలి బస్సెక్కాడు. రాములమ్మ వెంటనే రాలేదు. రెండుసార్లు తిప్పి పంపి, మూడోసారి వచ్చింది. దీపాలవేళ ఇద్దరూ ఇప్పటికీ గుమ్మానికి చెరోవైపు కూర్చుంటారు. అన్న మాటలు అంత త్వరగా పోవు. అయితే ఇప్పుడు అంబలి గ్లాసులు రెండు వెళ్తున్నాయి, రెండూ ఖాళీగా తిరిగొస్తున్నాయి.

అప్పలనరసమ్మ మాత్రం పెట్టె తియ్యనివ్వలేదు. "బొట్టు పెట్టినదాన్ని తీసీడానికి నానొప్పుకోను" అంది. ఐజాక్‌కు ఆమెతో వాదించే ఓపిక ముందునుంచీ లేదు. పరిశోధనశాలకు లెక్క వెళ్లే తీగ మాత్రం పీకేసి, ముల్లును దాని మానాన దాన్ని వదిలేసి వెళ్లాడు.

*

కొన్ని నెలలు గడిచాయి. ఒక దీపాలవేళ నలుగురూ గుమ్మంలో ఉండగా సింహాద్రి ఫోను మోగింది. అచ్యుతాపురం దగ్గర కొత్తగా పెట్టిన గాజు ఫ్యాక్టరీ నుంచి. కొలిమి తెలిసిన మనిషి కావాలట.

లోహిత తలెత్తి చూసింది. పెట్టె ముల్లు జర్రున లేచి చిట్టచివర కొట్టుకుంటోంది. బ్యాంకు నుంచి ఫోను వచ్చినప్పుడు కూడా అంత పైకి పోలేదు. గౌరీశ్వరి చేతిలో ఉల్లిపాయ అలాగే ఉంది. పని కావాలని ఆ ఇంట్లో మొక్కని దేవుడు లేడు. తీరా పని వచ్చేసరికి ఇదీ సంగతి.

సింహాద్రి ముల్లును చూశాడు. కూతుర్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, వస్తానండి. ఒక్క మాట. డ్యూటీ షిఫ్టులేటండి?"

అవతల ఏదో చెప్పారు.

"పగటి డ్యూటీ ఏదైనా ఉంటే ఇప్పించండి సార్. జీతం తగ్గినా పరవాలేదు. దీపాలవేళకి ఇంటికి రావాలండి."

అవతల మనిషి నవ్వి ఉంటాడు. తర్వాత చాలాసేపు మాట్లాడాడు. సింహాద్రి "అలాగేనండి, అలాగేనండి" అంటూ ఫోను పెట్టేసి, ముల్లు దిగడం మొదలైందని చూసుకున్నాక అసలు మాట చెప్పాడు. "పగలే ఇచ్చీసేరు."

లోహిత ఎగిరి అతని మెడ పట్టుకుంది. అప్పలనరసమ్మ దీపం వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

ఆ సందడి సద్దుమణగకముందే సింహాద్రి ఇంకో ఫోను చేశాడు. పరిశోధనశాలలో వకుళ తెరముందు ఒంటరిగా కూర్చుని ఉంది.

"మేడమ్, నాకు పని దొరికిందండి. వచ్చే నెలనించి వాయిదా మేమే కట్టుకుంటాం. ముందు మీకే చెబుదామని."

వకుళ ఫోను రెండో చెవికి మార్చుకుంది. అడక్కుండానే చెబుతారని తాను కమిషనర్‌తో అన్న మాట నిజమవుతుందా అని నెలల తరబడి ఎదురుచూస్తోంది. ఇలాంటి ఫోను ఇదే మొదటిది.

"చాలా సంతోషం సింహాద్రిగారూ" అంది. "ఇప్పుడు ముల్లెక్కడుంది?"

"బాగా కిందనుందండి. మీరొస్తే మళ్లీ లేచిపోతాదేమోనని మాయమ్మకి భయం." వెనకనుంచి ముసలామె గొంతు ఏదో కేకేసింది. సింహాద్రి నవ్వాడు. "అయినా రమ్మంటందండి. అంబలి ఉందట."

వకుళ కిటికీలోంచి చూసింది. బయట ఇంకా కొంచెం వెలుగుంది. ఆమె తెర ఆపేసి, బల్ల కింద చెప్పులు వెతుక్కుంది.